మూడేళ్లు నిండని వంశం: కారస్, ఇద్దరు కొడుకులు, ముగ్గురు ప్రిఫెక్టులు

క్లుప్తంగా: క్రీ.శ. 282 ద్వితీయార్ధంలో కారస్ రోమ్ చక్రవర్తి అయ్యాడు. 283 వేసవిలో పర్షియా దండయాత్ర మధ్యలో చనిపోయాడు. చిన్నకొడుకు నుమేరియన్ 284 నవంబరులో పల్లకిలో శవమై కనిపించాడు. పెద్దకొడుకు కారినస్ 285లో గెలుస్తున్న యుద్ధంలో సొంత మనిషి చేతిలో పోయాడంటారు. ఈ కథకు పిడుగుపాటు, స్త్రీలోలత్వం వంటి కారణాలు చెప్పడం మామూలు. అసలు కీలకం చక్రవర్తి తర్వాతి మెట్టులో ఉంది. ఈ వంశం పుట్టుక దగ్గరా, రెండు పతనాల దగ్గరా ప్రిటోరియన్ ప్రిఫెక్ట్, అంటే చక్రవర్తి అంగరక్షక దళాధిపతి అనే ఒకే పదవి కనిపిస్తుంది.

ముందు పేర్ల చిక్కు

ఈ ముగ్గురి పూర్తి పేర్లూ ‘మార్కస్ ఆరీలియస్’ అనే మొదలవుతాయి. దాంతో 161–180 మధ్య పాలించిన తత్వవేత్త చక్రవర్తి మార్కస్ ఆరీలియస్‌కు వీళ్లు వారసులేమో అనిపిస్తుంది. రక్తసంబంధం ఏమీ లేదు. 212లో కారకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలో బానిసలు కానివారిలో దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చాడు. కొత్త పౌరులు ఇచ్చినవాడి కుటుంబ నామాన్ని పెట్టుకోవడం ఆనవాయితీ. కారకల్లా అధికారిక నామం మార్కస్ ఆరీలియస్ ఆంటొనైనస్ కాబట్టి, మూడో శతాబ్దంలో ఎటు చూసినా మార్కస్ ఆరీలియస్‌లే.

కారస్ పుట్టింది దక్షిణ గాల్‌లోని నార్బోలో, అంటే నేటి ఫ్రాన్స్‌లోని నార్బోన్‌లో. ఆ దశాబ్దాల్లో సింహాసనం ఎక్కిన సైనికుల్లో చాలామంది డాన్యూబ్ నది వైపు బాల్కన్ ప్రాంతం వాళ్లు. ఆ లెక్కన కారస్ కాస్త వేరే.

తండ్రీకొడుకుల పాలన అంటే అంత మోజెందుకు

235లో సెవెరస్ అలెగ్జాండర్ హత్య నుంచి 284 దాకా, 49 ఏళ్లలో రోమ్‌లో గుర్తింపు పొందిన చక్రవర్తులే ఇరవైకి పైగా ఉన్నారు. రైన్ మీద జర్మన్ తెగలు, డాన్యూబ్ మీద గోత్‌లు, తూర్పున సస్సానియన్ పర్షియా. సరిహద్దులు మూడు, చక్రవర్తి ఒక్కడు. అతను ఎక్కడ ఉంటే జీతాల మీద ఇచ్చే బహుమానాలు, పదోన్నతులు, ఓడిన శత్రువు సొత్తు అక్కడి సైన్యానికే దక్కుతాయి. మిగతా రెండు సరిహద్దుల సైన్యాలకు తమ కష్టం పట్టించుకునేవాడు లేడనిపిస్తుంది. అప్పుడు తమ సేనానికే ఊదారంగు వస్త్రం కప్పి చక్రవర్తి అంటారు. తిరుగుబాట్లలో ఎక్కువ భాగం ఈ లెక్కలోంచి పుట్టినవే. ఒక్కో సేనాని దురాశ ఆ తర్వాతి మాట.

దీనికి అందరికీ తట్టిన మందు ఒకటే: కొడుకును సహచక్రవర్తిని చేయడం. ఈ 49 ఏళ్లలో కనీసం ఏడు కుటుంబాలు ఆ మందు వాడాయి. మాక్సిమినస్, అతని కొడుకు 238లో అక్విలీయా నగరం ముందు ఒకేసారి సొంత సైనికుల చేతిలో పోయారు. అదే ఏడాది ఆఫ్రికాలో రెండో గోర్డియన్ యుద్ధంలో చనిపోగా, ఆ వార్త విని తండ్రి మొదటి గోర్డియన్ ఉరి వేసుకున్నాడు. ఇద్దరి పాలనా కలిపి మూడు వారాలు. 249లో ఫిలిప్ ఉత్తర ఇటలీలో యుద్ధంలో కూలితే, పిల్లవాడైన కొడుకును రోమ్‌లో చంపేశారు. 251లో డీసియస్, కొడుకు హెరెన్నియస్ గోత్‌ల చేతిలో ఒకే యుద్ధంలో పోయారు. 253లో గాలస్, కొడుకు వొలూసియన్ కూడా ఒకే చోట పోయారు.

వరుసగా చూస్తే లోపం తెలుస్తుంది. తండ్రీకొడుకులు ఒకే శిబిరంలో ఉంటే ఒకే దెబ్బకు ఇద్దరూ పోతారు. కొడుకు చిన్నవాడైతే విడిగా ఉన్నా ఉపయోగం లేదు. పనిచేసిన ఏర్పాటు ఒక్క వలేరియన్‌దే. 253లో అతను తూర్పుకు వెళ్తూ, వయసొచ్చిన కొడుకు గాలియెనస్‌కు పడమర అప్పగించాడు. 260లో వలేరియన్ పర్షియా రాజు మొదటి షాపూర్‌కు బందీగా చిక్కినా, గాలియెనస్ మరో ఎనిమిదేళ్లు నెగ్గుకొచ్చాడు. కారస్ ఎంచుకున్నది సరిగ్గా ఈ నమూనాయే. కొడుకులిద్దరూ ఎదిగినవాళ్లు, సరిహద్దులు చెరో వైపు. కాగితం మీద ఇంతకన్నా మంచి పథకం ఆనాటికి లేదు.

ప్రిఫెక్ట్ అంటే ఎవరు

క్రీ.పూ. 2లో తొలి చక్రవర్తి అగస్టస్ తన అంగరక్షక దళానికి ఇద్దరు అధిపతులను పెట్టాడు. వాళ్లే ప్రిటోరియన్ ప్రిఫెక్టులు. సెనేటర్లకు ఆ పదవి ఇవ్వలేదు. రెండో మెట్టు అయిన అశ్విక వర్గం నుంచి తీసుకున్నాడు. సెనేటర్ అయితే సింహాసనం మీద కన్ను పడుతుందని, అశ్వికుడికి ఆ ఊహే రాదని లెక్క.

మూడో శతాబ్దానికి ఆ లెక్క తప్పింది. కాపలాతో పాటు సైన్యానికి ధాన్యం, బట్టలు, పశువులు సమకూర్చే బాధ్యత, అప్పీళ్లు వినే అధికారం, చక్రవర్తి పక్కనే నడిచే హోదా ప్రిఫెక్ట్ చేతికొచ్చాయి. దండయాత్రలో చక్రవర్తి గుడారంలోకి ఎవరు వెళ్లాలి, ఏ ఉత్తరం ఎప్పుడు అందాలి అన్నది అతని ఇష్టం. సైన్యం కడుపు, చక్రవర్తి ప్రాణం రెండూ ఒకే చేతిలో ఉన్నాయన్నమాట. 217లో కారకల్లా హత్య తర్వాత ప్రిఫెక్ట్ మాక్రినస్ చక్రవర్తి అయ్యాడు. సెనేటర్ కాకుండా ఆ పీఠం ఎక్కిన మొదటివాడు అతనే. 244లో పర్షియా యుద్ధంలో మూడో గోర్డియన్ పోయాక ప్రిఫెక్ట్ ఫిలిప్ చక్రవర్తి అయ్యాడు. మన కంచె, చేను సామెతకు ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

282లో ప్రోబస్ చక్రవర్తికి ప్రిఫెక్ట్‌గా ఉన్నవాడు కారస్.

ప్రోబస్ పోయాడు, కారస్ వచ్చాడు

ప్రోబస్ ఆరేళ్లు పాలించాడు. ఆ కాలానికి అది దీర్ఘాయువే. యుద్ధాలు లేనప్పుడు సైనికులను ఊరికే కూర్చోనివ్వడం అతనికి నచ్చేది కాదు. ద్రాక్ష తోటలు వేయించాడు, కాలువలు తవ్వించాడు. తన సొంత ఊరు సిర్మియం, అంటే నేటి సెర్బియాలోని స్రెమ్‌స్కా మిత్రోవిత్సా దగ్గర చిత్తడి నేలలు ఎండగట్టే పని పెట్టాడు. త్వరలో సైనికుల అవసరమే ఉండదని అన్నట్టు కూడా ప్రచారంలోకి వచ్చింది. కత్తి పట్టి జీతం తీసుకునేవాడి చేతికి పార ఇచ్చి, రేపు నీ ఉద్యోగమే ఉండదంటే ఏమవుతుంది? 282లో సిర్మియంలోనే సైనికులు అతన్ని చంపారు.

అప్పటికే ఆల్ప్స్ ఉత్తరాన రేషియా, నోరికం ప్రాంతాల సైన్యం కారస్‌ను చక్రవర్తిగా ప్రకటించిందని ఒక కథనం. ప్రోబస్ పోయాకే కారస్‌ను ఎన్నుకున్నారని మరో కథనం. రెండో కథనం కారస్‌కు అనుకూలం కాబట్టి దాన్ని కాస్త అనుమానంతోనే చూడాలి.

చక్రవర్తిని తయారుచేసే పద్ధతి అప్పటికి బాగా అరిగిన బాట. ముందు సేనానులు, దళాధిపతులు లోపల మాట్లాడుకుంటారు. తర్వాత సైన్యాన్ని సమావేశపరిచి అభ్యర్థిని వేదిక ఎక్కిస్తారు. కేకలతో ఆమోదం, ఊదా వస్త్రం, తలా ఇంత బంగారం అని వాగ్దానం. టంకశాలలో కొత్త ముఖంతో నాణేలు. చివరగా రోమ్‌లోని సెనేట్‌కు ఉత్తరం, ఆమోదం కోరుతూ. కారస్ ఈ చివరి మెట్టును మార్చేశాడు. ఆమోదం కోరలేదు, చక్రవర్తినయ్యానని తెలియజేశాడంతే. చక్రవర్తులను చేసే హక్కు సెనేట్ చేతిలోంచి జారిపోయింది ఇక్కడేనని నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు ఆరీలియస్ విక్టర్ బాధపడ్డాడు. నిజానికి ఆ హక్కు పేరుకే మిగిలి చాలాకాలమైంది.

టెసిఫాన్ బయట ఒక గుడారం

కొడుకులిద్దరికీ సీజర్, అంటే ఉపచక్రవర్తి బిరుదు ఇచ్చి కారస్ పనులు పంచాడు. కారినస్ పడమరకు వెళ్లాడు. 283లో అతను అగస్టస్ కూడా అయ్యాడు, అంటే పూర్తి హోదా చక్రవర్తి. నుమేరియన్ తండ్రి వెంట బయల్దేరాడు. డాన్యూబ్ దగ్గర క్వాడీ, సర్మేషియన్ తెగలను ఓడించి, సైన్యం తూర్పుకు తిరిగింది.

పర్షియాలో అప్పుడు రెండవ బహ్రామ్ పాలన. తూర్పు రాష్ట్రాల్లో సొంత బంధువే తిరగబడటంతో అతని బలగం అటు చిక్కుకుంది. కారస్‌కు దారిలో పెద్దగా ఎదురే లేదు. టైగ్రిస్ ఒడ్డున ఎదురెదురుగా ఉన్న సెల్యూషియా, పర్షియా రాజధాని టెసిఫాన్ రెండూ అతని వశమయ్యాయి. ఇరవై మూడేళ్ల కిందట వలేరియన్‌కు జరిగిన అవమానానికి ఇది బదులు.

ఆ తర్వాత కొద్దిరోజులకే కారస్ చనిపోయాడు. గాలివాన, ఉరుములు, చీకటి, ఒక పెద్ద పిడుగు, మండుతున్న గుడారం. ప్రచారంలో ఉన్న కథనం ఇదీ. టెసిఫాన్ దాటి వెళ్లే రోమన్ చక్రవర్తిని విధి ఒప్పుకోదన్న నమ్మకం కూడా దీనికి తోడైంది. ‘హిస్టోరియా అగస్టా’ అనే చరిత్ర ఇంకో వివరం ఇస్తుంది: కారస్ అప్పటికే జబ్బుతో పడుకుని ఉన్నాడు, చనిపోయాక దుఃఖంతో సేవకులు గుడారానికి నిప్పు పెట్టారు, పిడుగు పుకారు అలా పుట్టింది. ఆ గ్రంథం శతాబ్దం తర్వాతది, కల్పనలకు పేరుబడ్డది. అయినా ఈ ఒక్కచోట మాత్రం పిడుగు కన్నా జబ్బే నమ్మదగ్గది. టెసిఫాన్ నేటి బాగ్దాద్‌కు దిగువన ఉంది. ఆ ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన చుక్క పడటమే అరుదు. అసాధ్యమని కాదు, కానీ నడివేసవిలో అక్కడ చక్రవర్తి గుడారాన్నే వెతుక్కుని పిడుగు పడిందంటే నమ్మడానికి కొంత భక్తి కావాలి.

హత్య అనుమానం కూడా పాతదే. వేలు చూపేది ప్రిఫెక్ట్ ఆపర్ వైపు. నుమేరియన్‌కు అతను పిల్లనిచ్చిన మామ.

మూసిన పల్లకి

నుమేరియన్ యుద్ధం కొనసాగించలేదు. సైన్యం నెమ్మదిగా వెనక్కి మళ్లింది. 284 మార్చి నాటికి సిరియాలోని ఎమెసాలో, అంటే నేటి హోమ్స్‌లో ఉన్నట్టు అతని పేర జారీ అయిన ఒక ఉత్తర్వు చెబుతుంది. అక్కణ్నుంచి ఆసియా మైనర్, అంటే నేటి టర్కీ గుండా వాయవ్యంగా సాగిన ప్రయాణంలో అతనికి కళ్ల జబ్బు చేసిందని, వెలుగు పడకుండా మూసిన పల్లకిలో తీసుకెళ్తున్నామని ఆపర్ మనుషులు చెప్పారు. ఎవరు అడిగినా అదే జవాబు. చివరికి పల్లకి నుంచి దుర్వాసన వచ్చి సైనికులు తెరలు లాగి చూశారు.

284 నవంబరు 20న నికోమీడియా, అంటే నేటి టర్కీలోని ఇజ్మిత్‌కు మూడు మైళ్ల దూరంలో సైన్యం సమావేశమైంది. అంగరక్షక అధికారుల దళానికి నాయకుడైన డయోక్లిస్‌ను వేదిక ఎక్కించారు. అతను కత్తి దూసి, సూర్యుడి సాక్షిగా నుమేరియన్ చావులో తన ప్రమేయం లేదని ప్రమాణం చేశాడు. పక్కన నిలబెట్టిన ఆపర్‌ను చూపించి వీడే హంతకుడంటూ అక్కడికక్కడే పొడిచాడు. విచారణ లేదు, సాక్ష్యం లేదు. డయోక్లిస్ ఆ రోజు నుంచి డయోక్లీషియన్. ఆపర్ అంటే లాటిన్‌లో అడవిపంది. పందిని చంపిన రోజు చక్రవర్తివవుతావని డ్రూయిడ్ అనే గాల్ పూజారి వర్గానికి చెందిన ఒక స్త్రీ యువకుడైన డయోక్లిస్‌కు జోస్యం చెప్పిందన్న కథ తర్వాత తీరిగ్గా అల్లుకుంది.

శవాన్ని దాచడమే ఆపర్ నేరానికి రుజువని పాత చరిత్రకారులు తేల్చేశారు. అధికార లెక్క వేసి చూస్తే అది అంత తేలిక కాదు. ఆపర్ బలమంతా అల్లుడి ప్రాణంలో ఉంది. అల్లుడు బతికుంటే అతను తూర్పు మొత్తానికి పెద్ద, పోతే మరుసటి గంటలో ఎవరికీ ఏమీ కాడు. కాబట్టి నుమేరియన్ జబ్బుతో పోయినా, మరో ఏర్పాటు కుదిరేదాకా ఆ వార్తను దాచాల్సిన అవసరం అందరికన్నా ఆపర్‌కే ఉంది. ఇంకో ప్రశ్న: చక్రవర్తి దేహానికి అతి దగ్గరగా ఉండే దళానికి నాయకుడైన డయోక్లిస్‌కు అన్ని రోజులూ ఏమీ తెలియలేదా? జవాబు చెప్పగలిగిన మనిషి నోరు ఆ కత్తితోనే మూతపడింది.

పడమట కారినస్

కారినస్ గురించి రాతల్లో మిగిలిందంతా తిట్లే: తొమ్మిది మందిని పెళ్లాడి వదిలేశాడట, తోటి అధికారుల భార్యలను చెరిచాడట. రాసినవాళ్లందరూ డయోక్లీషియన్ గెలిచాక రాసినవాళ్లు. కొన్ని శాసనాల్లో కారినస్ పేరునే చెక్కి తీసేశారు. గెలిచినవాడు చట్టబద్ధమైన చక్రవర్తిని కూల్చి వచ్చాడు కాబట్టి, కూలినవాడు దుర్మార్గుడు కావడం అవసరం.

ఆ కాలంలోనే మిగిలిన ఆధారాలు వేరే మాట చెబుతాయి. నాణేల మీద కనిపించే భార్య ఒక్కరే, అగస్టా బిరుదున్న మాగ్నియా ఉర్బికా. నిగ్రినియానస్ అనే పసివాడు చనిపోతే దైవత్వం ఆపాదించి అతని పేర నాణేలు వేశారు. అతను కారస్ మనవడని శాసనం ఉంది, కారినస్ కొడుకై ఉంటాడని సాధారణ అభిప్రాయం. కార్తేజ్ కవి నెమెసియానస్ వేట మీద రాసిన పద్యంలో అన్నదమ్ములిద్దరి విజయాలనూ త్వరలో గానం చేస్తానని మాటిచ్చాడు. 284లో ఆ వంశం నిలబడుతుందనే జనం అనుకున్నారని దీన్నిబట్టి తెలుస్తుంది. జర్మన్ తెగల మీద, బ్రిటన్‌లో విజయాలకు గుర్తుగా బిరుదులు కూడా తీసుకున్నాడు కారినస్.

తమ్ముడి చావు వార్త తర్వాత అతనికి శత్రువులు ఇద్దరయ్యారు. ఉత్తర ఇటలీలో జూలియానస్ అనే అధికారి చక్రవర్తినని ప్రకటించుకుని, నేటి క్రొయేషియాలోని సిస్సియా టంకశాలలో సొంత నాణేలు కొట్టించాడు. 285 తొలి నెలల్లో వెరోనా దగ్గర కారినస్ అతన్ని ఓడించి నేరుగా డయోక్లీషియన్ మీదికి నడిచాడు. సోమరి విలాసపురుషుడు చేసే పనులు కావివి.

నేటి సెర్బియాలోని మొరావా నదిని రోమన్లు మార్గస్ అనేవారు. ఆ ఒడ్డున రెండు సైన్యాలు తలపడ్డాయి. కారినస్ సైన్యానిదే పైచేయిగా ఉండగా ఒక అధికారి అతన్ని చంపాడని, కారణం ఆ అధికారి భార్య అని ఒక కథనం. సైన్యమే అతన్ని వదిలేసిందని మరొకటి. ఈ రెండిటికన్నా బరువైన ఆధారం ఒకటుంది. 285లో కారినస్‌కు ప్రిఫెక్ట్‌గానూ, ఆ ఏటి తోటి కాన్సుల్‌గానూ (రోమ్‌లో అత్యున్నత గౌరవ పదవి) ఉన్నవాడు అరిస్టోబులస్. యుద్ధం తర్వాత డయోక్లీషియన్ అతన్ని రెండు పదవుల్లోనూ కొనసాగించాడు. ఆ తర్వాత ఆఫ్రికా రాష్ట్ర పాలన, రోమ్ నగర ప్రిఫెక్ట్ పదవి కూడా దక్కాయి. అంతర్యుద్ధంలో ఓడిన పక్షం ఆస్తి, పరువు, పదవి ఏదీ పోకపోవడం ఎన్నడూ చూడని వింత అని విక్టర్ మురిసిపోయాడు. ఓడిన రాజు ముఖ్యాధికారికి ఇంత మర్యాద ఊరికే దక్కదు. బేరం యుద్ధానికి ముందే కుదిరి ఉంటుందని అనుకోవడం సహజం.

నాణెం చెప్పేది

వాగ్దానం చేసిన బంగారం, వెండి ఎక్కణ్నుంచి రావాలన్నది అందరు చక్రవర్తులకూ ఉన్న తలనొప్పే. ఆంధ్ర, తెలంగాణల్లో కుండల్లో బయటపడ్డ రోమన్ వెండి నాణేలు ఎక్కువగా అగస్టస్, టైబీరియస్‌ల కాలానివి. సుమారు 3.9 గ్రాముల బరువు, దాదాపు మొత్తం వెండే. కారస్ కాలపు మామూలు నాణెం కూడా దాదాపు అంతే తూగుతుంది. చక్రవర్తి తల మీద సూర్యకిరణాల కిరీటం, వెనక అడుగున రోమన్ అంకెల్లో 21 గుర్తు. 20 పాళ్ల రాగికి ఒక పాలు వెండి అని దాని భావం, 274 ప్రాంతంలో ఆరీలియన్ అనే చక్రవర్తి పెట్టిన కొలత. అంటే లోపల వెండి 0.2 గ్రాములు. కృష్ణా లోయలో విజయపురి నుంచి ఇక్ష్వాకులు ఏలుతున్న ఆ రోజుల్లో, పాత రోమన్ వెండికి ఉన్న విలువ కొత్తదానికి ఉండే అవకాశమే లేదు.

కారస్ పేర సిస్సియాలో ఒక ప్రత్యేక నాణెం పడింది. దాని మీద పదికి ఒకటి అన్న గుర్తు ఉంది, అంటే రెట్టింపు వెండి. ముందువైపు సూర్యదేవుడు, కారస్ ఎదురెదురుగా. చుట్టూ ‘దేవుడూ ప్రభువూ అయిన కారస్ అగస్టస్‌కు’ అని అక్షరాలు. సెనేట్ ఆమోదం అడగనివాడు అధికారానికి మూలాన్ని ఆకాశంలో చూపిస్తున్నాడన్నమాట. బంగారు నాణెం అగస్టస్ నాటి సుమారు 7.8 గ్రాముల నుంచి 4.6 గ్రాములకు దిగింది.

డయోక్లీషియన్ ఏం తీసుకున్నాడు, ఏం మార్చాడు

తూర్పు ఒకరికి, పడమర ఒకరికి అన్న కారస్ పంపకాన్ని డయోక్లీషియన్ దాదాపు యథాతథంగా ఉంచాడు. మారింది వరసే. కొడుకు స్థానంలో తోటి సైనికుడు మాక్సిమియన్ వచ్చాడు. 286 నాటికి అతను పూర్తి అగస్టస్. 293లో మరో ఇద్దరు సీజర్లు చేరి నలుగురి పాలన అయింది. డయోక్లీషియన్‌కు కొడుకుల్లేరు, వలేరియా అనే కూతురు మాత్రమే. వారసత్వం వద్దన్న సూత్రం అతనికి పెద్ద త్యాగమేమీ కాదు. పైగా ఆ కూతుర్నే సీజర్లలో ఒకడైన గలేరియస్‌కు ఇచ్చి పెళ్లి చేశాడు.

నలుగురు ఎందుకన్నదానికి జవాబు 284–285 సంఘటనల్లోనే ఉంది. ఇద్దరే ఉంటే ఒకరు పోగానే సగం సామ్రాజ్యం ప్రిఫెక్ట్ చేతిలో పడుతుంది. నలుగురైతే ఏ సైన్యానికైనా రోజుల ప్రయాణంలో ఒక చక్రవర్తి ఉంటాడు, పల్లకి తెరలు అన్నాళ్లు మూసి ఉంచడం కుదరదు. రాష్ట్రాలను చిన్నవి చేసి సంఖ్యను దాదాపు రెట్టింపు చేయడం వల్ల, ఏ ఒక్క అధికారి చేతికీ తిరగబడేంత సొమ్ము, సైన్యం కలిసి చిక్కడం కష్టమైంది.

ప్రిఫెక్ట్ చిక్కు మాత్రం డయోక్లీషియన్ చేతుల మీదుగా పూర్తిగా తీరలేదు. 312లో రోమ్ బయట మిల్వియన్ వంతెన యుద్ధంలో గెలిచాక, తన ప్రత్యర్థి పక్షాన పోరాడిన ప్రిటోరియన్ దళాన్ని కాన్‌స్టాంటైన్ రద్దు చేశాడు. ప్రిఫెక్ట్ పదవి ఆ తర్వాతా శతాబ్దాల పాటు ఉంది, పన్నులు, ధాన్యం, న్యాయం చూసే పౌరాధికారిగా. సైన్యం ఆజ్ఞలు మాత్రం వేరే సేనానుల చేతికి వెళ్లిపోయాయి.